సుభద్రగారి విమానాల వాటాలు

మంగళవారం, రాత్రి

పెద్ద విమానాలు కొని ఎయిర్‌లైన్స్‌కి అద్దెకిచ్చే కంపెనీ వాటాలు సుభద్రగారి చేత కొనిపించింది నేనే. ధవళేశ్వరం ఆఫీసులో ఇరవై ఏళ్లు నా పక్క సీటు ఆవిడది. పెట్టింది రిటైర్మెంట్ డబ్బు.

అద్దె కట్టే ఎయిర్‌లైన్ చేతులెత్తేసింది, వాటాల ధర కుప్పకూలింది. ఆ మాట చెప్పడానికి సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. ఆవిడ విని, లేచి వంటింట్లోకి వెళ్లారు. తర్వాత కాఫీ తెచ్చి ఇచ్చారు.

"మీదీ పోయింది కదండీ, పాపం. మీరు మాత్రం ఏం చేస్తారు లెండి."

నావి రెండు నెలల క్రితమే అమ్మేశాను. అద్దెలు సరిగా రావడం లేదని అప్పుడే చదివాను. ఆవిడకు చెబితే నా సలహా తప్పని ఒప్పుకోవాలి కదా, ఊరుకున్నాను.

"అవునండీ, పోయింది," అన్నాను. కాఫీ కూడా మొత్తం తాగాను.

గేటు దాకా వచ్చి, నాకు ధైర్యం చెప్పి పంపారు. ఛీ...