వంగకూడని నమాజులో వంగాను

ఒరేయ్ మస్తానూ,

నిన్ను మట్టిలో పెట్టి ఇందాకే ఇంటికొచ్చా. రోజూ మసీదులోంచి అజాన్ పిలుపు వినపడగానే బండలు కోసే మిషన్ దగ్గరికొచ్చి, "లెగరా, నమాజుకి పోదాం" అని నా చెయ్యి పట్టుకుని లాగేవాడివి. నేను నడుం పట్టేసిందని మూలిగేవాణ్ణి.

"నటించింది చాల్లే. నీ అన్నం నేను తినగలనా? నీ ఫర్జ్, నువ్వు చెయ్యాల్సిన విధి కూడా నువ్వే తీర్చుకోవాల" అనేవాడివి.

ఇవాళ ఎవరూ లాగకుండానే నీ జనాజా నమాజుకి ముందు వరసలో నిలబడ్డా. ఇమాం సాబు రెండోసారి అల్లాహు అక్బర్ అనగానే, రంజాన్ నెలలో ఎప్పుడన్నా చేసే మామూలు నమాజులో మాదిరే నడుం వంచేశా. వంగింది నేనొక్కణ్ణే. చనిపోయినోళ్ళకి చేసే నమాజులో వంగటం ఉండదంట, నిలబడే చెయ్యాలంట.

అయిపోయాక మీ అన్న నా చొక్కా పట్టుకున్నాడు. "వాడి శవం ముందర కూడా వేళాకోళమేందిరా?"

"నిజంగా తెలవదు భాయ్."

ఒక్కడూ నమ్మలా. నువ్వుంటే నమ్మేవాడివి.

నీకోసం చేసిన ఒక్క నమాజూ చెడగొట్టా. ఇప్పుడు సాయంత్రం అసర్ అజాన్ వినపడుతోంది. నమాజు కోసం చేతులూ మొహం కాళ్ళూ కడుక్కుని వజూ చేసుకుని గడపలోనే కూచున్నా. కాళ్ళు లెగవటంలా మస్తానూ. ఈసారి నటన కాదురా.