తాలింపు లేని ఇల్లు

ఫిబ్రవరి 3
నేను అన్నది ఒకటి, ఇంట్లో పట్టుకున్నది ఇంకొకటి.
పోయిన నెల పలమనేరు వెళ్లినప్పుడు అమ్మ ఏడుస్తోంది. అన్నకు స్కిజోఫ్రీనియా తన పెంపకం వల్లే వచ్చిందట. ఊరుకోబెట్టడానికి చెప్పాను - గర్భంతో ఉన్నప్పుడు తల్లికి కొన్ని వైరస్ జ్వరాలు వస్తే బిడ్డకు పెద్దయ్యాక ఈ జబ్బు వచ్చే అవకాశం కాస్త పెరగొచ్చని కొందరు అంటున్నారు, ఇంకా తేలలేదు, ఎవరి తప్పూ కాదు. ఇంతే.
చివరి రెండు ముక్కలూ ఎవరికీ వినపడలేదు.

ఫిబ్రవరి 4
తిరుపతిలో ల్యాబులో ఉండగా అవ్వ ఫోన్.
"నువ్వే కదమ్మే సెప్పినావు! వాడు కడుపులో ఉండంగా మీయమ్మకు అమ్మవారు పోసింది. అప్పుడు తల్లిని సాగనంపను పొయ్యాల్సిన మూడు నీళ్లు సరిగ్గా పొయ్యలేదు. ఆ తల్లి ఇంకా ఇంట్లోనే ఉండాది."
ఇరవై ఆరేళ్ల నాటి ఆటలమ్మ. ఎప్పుడో తగ్గిపోయిందవ్వా, అన్నాను.
"మరి వాడి సెవిలో మాట్లాడేది ఎవురు?"
జవాబు చెప్పేలోపు పెట్టేసింది.

ఫిబ్రవరి 7
తిరుపతి నుంచి పొద్దున్నే బయల్దేరి ఇంటికి వచ్చాను. గడపకు వేపమండలు. పప్పులో తాలింపు లేదు. అమ్మవారున్న ఇంట్లో నూనె కాగకూడదు, ఆవాలు చిటపటమనకూడదు, తల దువ్వకూడదు... మందు మింగకూడదు. ఒంటి మీద ఒక్క పొక్కు లేని మనిషికి!
నాయన డెయిరీలో పాలు పోసి వచ్చి, ఆ చప్పిడి పప్పే కలుపుకొని తిన్నాడు. "మంగళారం వాడికి మూడో నీళ్లు పోస్తారు. అంతవరకూ ఓర్చుకో పాపా."
ఓర్చుకోవాల్సింది నేనట.

అదే రోజు, మధ్యాహ్నం
దేవుడి గూట్లో పసుపు గుడ్డ మూట. విప్పాను. పోయిన నెల నేను తెచ్చిచ్చిన అన్న మాత్రలు. ఒక్కటీ తీయలేదు.

సాయంత్రం
అన్న వసారాలో కూర్చున్నాడు. "మాత్రలతో లావైతాండానని తిట్టుకున్నా గానీ, ఈ కూడు కంటే అవే మేలు పాపా."
ఇద్దరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.
"గేటు కాడ ఇద్దరు నిలబడుకోనుండారు. పోయినోళ్లే మల్లా వచ్చినారు."
గేటు దగ్గర ఎవరూ లేరు. మాత్రలు వేసుకున్న ఈ ఏడాదిగా వాడికీ కనపడలేదు.

ఫిబ్రవరి 8
ఆదివారమైనా అన్నను చూసే డాక్టరు ఫోన్ ఎత్తారు. కారణం ఆ జ్వరమే కావచ్చు, కాకపోనూ వచ్చు, ఏదైనా మాత్రలు ఆపకూడదు, రేపే తిరుపతికి తీసుకురండి అన్నారు.
అదే మాట అమ్మకు చెప్పాను. అన్నం వార్చుతూ తల ఎత్తలేదు.
"నా జొరంతోనే వచ్చిందన్నావు కదా. నా వల్ల వచ్చిందాన్ని నేనే దించుకుంటా."
"ఉండొచ్చు అన్నానమ్మా. ఉండొచ్చు!"
"ఆ ఉండొచ్చు సాలు నాకు."
అవ్వ పక్క నుంచి - "సదివిస్తే ఇట్లనే. తల్లికే పాఠాలు."
అమ్మ ముఖంలో ఎన్నేళ్లకో ఒక తేట. ఇన్నాళ్లూ ఏడవడం తప్ప ఏమీ చేయలేకపోయింది, ఇప్పుడు చేయడానికి పని దొరికింది. ఆ పని చేతికిచ్చింది నేనే. అందుకే ఇంత మంట. అవ్వ మీద కంటే, నాయన మీద కంటే, అమ్మ మీద... నా మీద.

అదే రోజు, పొద్దుగూకే వేళ
అన్న అడిగాడు. "నీళ్లు పోసినాక వాళ్లు పోతారా?"
పోరు, అన్నాను.
"అయితే నన్ను తీసకపో."

వాడి బట్టలు నా సంచిలో. మాత్రలు కూడా. ఖాళీ పసుపు గుడ్డ మడిచి గూట్లోనే పెట్టాను.
రేపు ఆరున్నర బస్సు. అమ్మకు చెప్పను. చిత్తూరు దాటాక ఫోన్ చేస్తాను.
బస్సెక్కాలంటే వాడు ముందు ఆ గేటు దాటాలి. దాటతాడో లేదో.
నేను మాత్రం వాడిని తీసుకెళ్తున్నాను.