కుర్చీలు జరిపే పిల్ల

ప్రియమైన అమ్మకి,

నువ్వు చెప్పినట్టే నల్ల సిరాతో, పెద్ద అక్షరాలతో రాస్తున్నాను. నా గదిలో ఉండే అమ్మాయి చూసి, ఇదేమన్నా గోడ మీద అంటించే నోటీసా అని నవ్వింది. మా అమ్మ రోజంతా బైండింగు షాపులో సన్నక్షరాలు చూసి చూసి విసిగిపోయి ఉంటుందిలే అన్నాను. అంతే కదా?

పరీక్షలయ్యేదాకా మా ఫోన్లు వార్డెన్ బీరువాలోనే. ఫోన్లో నీ చేతుల సైగలు చూడక చాలా రోజులైంది. ఇక్కడ అందరూ భోజనాల దగ్గర కూడా మాట్లాడుతూనే ఉంటారు, నోట్లో ముద్ద పెట్టుకుని మరీ. మనమైతే ఒక మాట చెప్పాలంటే చెయ్యి ఖాళీ అవ్వాలి. అందుకే మనింట్లో భోజనం ఎప్పుడూ చల్లారిపోయేది.

ఇక అసలు సంగతి. ఈ ఏడాదితో స్కూలు అయిపోతుంది కాబట్టి ఏ చదువుకి, ఏ కాలేజీకి వెళ్లాలో ఇప్పట్నుంచే చూసుకోమన్నారు. మా క్లాసు టీచరు మాత్రం కాలేజీల సంగతి తర్వాత, ముందు మీ సంగతి చూసుకోండి అని కొన్ని ప్రశ్నలిచ్చింది. నీకేం కావాలి, దేనికి భయపడతావు, ఏ పనిలో పడితే నీకు టైము తెలియదు. నిజం రాయాలి, మార్కులుండవు.

నేను గబగబా రాసేశాను. నాకు కిటికీ పక్కన బల్ల వేసుకోగలిగిన ఇల్లు కావాలి. నాతో మాట్లాడేవాళ్లు నా ముఖం చూసి మాట్లాడాలి. కౌంటర్ల దగ్గర నిలబడాలంటే భయం. నా పిల్ల నా వల్ల ఇబ్బంది పడకూడదు.

టీచరు నన్ను పిలిచి, తలుపు దగ్గరగా వేసి, నీకు పిల్లలున్నారా అని అడిగింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అందులో ప్రతి మాటా నేనెక్కడో ఒకచోట పైకి అన్నదే. ఇంటి ఓనరుతో, బ్యాంకులో, ఆస్పత్రిలో. నీ చేతులు చూసి నా నోటితో అన్నవి. పరాయివాళ్లకి నీ మాట చెప్పేటప్పుడు 'మా అమ్మ అంటోంది' అనకూడదు, 'నేను' అనే అనాలి, మధ్యలో నువ్వు లేవు అనేదానివి కదా. చిన్నప్పుడు 'నాకు నడుం నొప్పి డాక్టరుగారూ' అని నేనంటే ఆయన నా నడుం వైపే చూసేవాడు. అన్నేళ్లు నీ బదులు 'నేను' అని అని, ఇప్పుడు నా గురించి రాయమంటే నువ్వే వచ్చావు.

బాగా రాశావు గానీ ఇది నువ్వు కాదు, మళ్లీ రాయి అని టీచరు కాగితం తిరిగిచ్చేసింది. వెతుకుతున్నాను. ఏమీ దొరకడం లేదు. ఇక్కడివాళ్లేమో మీ ఊళ్లోనే సైగల భాషకి దుబాసీ కోర్సు ఉందిగా, నీకు పుట్టుకతో వచ్చిన విద్య, ఇక వెతుక్కోవడం దేనికి అంటున్నారు. అదే రాసిచ్చేస్తే పనైపోతుంది. నువ్వేమంటావు?

ఉత్తరం కోసం చూస్తూ,
నీ గడుగ్గాయి

*

ప్రియమైన గడుగ్గాయికి,

ఉత్తరం అందింది. నీ పిల్ల నీ వల్ల ఇబ్బంది పడకూడదన్న చోట నాకు నవ్వాగలేదు. పక్క బల్ల దగ్గర అట్టలకి జిగురు పూసే ఆవిడ ఏమిటని కనుబొమలెగరేసింది. చూపించాను. ఆవిడా నవ్వింది. ఇంటికొచ్చి మళ్లీ చదివాను. ఈసారి నవ్వు రాలేదు.

రూలు సంగతి చెప్తాను విను. నువ్వు మాటలు నేర్చేదాకా నా తరఫున ఎవరో ఒకరు మాట్లాడేవాళ్లు. నేను చేతులతో ఇంత చెప్తే వాళ్లు 'ఈవిడకేదో నొప్పట' అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లు. వాళ్ల పెదాలు చదవడం నాకొచ్చు కదా. నేను ఎదురుగా నిలబడి ఉండగానే, అక్కడ లేని మనిషి గురించి మాట్లాడుకున్నట్టు మాట్లాడుకునేవాళ్లు. ఆ 'అట' వదిలించుకోవడానికి పెట్టిన రూలు అది. అది తప్పని ఇప్పటికీ అనుకోను. కానీ మధ్యలో నువ్వు లేవు అన్నది కౌంటరు దగ్గర మాట. కౌంటరు దాటాక నువ్వు ఉండాలి కదే. అది వేరే చెప్పాలా అనుకున్నాను. చెప్పాలని ఇప్పుడు తెలిసింది.

అయినా ఏమీ దొరకడం లేదంటే నేను నమ్మను. నువ్వు అన్నిచోట్లా ఉన్నావు, నేను చూశాను. ఆస్పత్రిలో డాక్టరు కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ఆయన ముఖం చీకటిగా ఉండి నాకు పెదాలు అందేవి కాదు. నువ్వు బల్లంత ఎత్తు కూడా లేవు, ఆయన ఫైలు కోసం పైకి లేవగానే వెళ్లి కుర్చీ పక్కకి లాగావు. ఆయన చేతిలో ఫైలుతో అలాగే నిలబడిపోయాడు. బ్యాంకులో కౌంటరు మీది పూలకుండీ పక్కకి నెట్టావు. సరే, అవి నా కోసం అనుకో. మరి బస్టాండులో? మనకి అక్కడ ఎవరితోనూ పని లేదు. గోడకేసి ఉన్న బెంచీని ఈడ్చి, ఇంకో బెంచీకి ఎదురుగా వేసి, ఇప్పుడు బాగుంది అని సైగ చేసి కూర్చున్నావు. కాసేపటికి ఎదురు బెంచీ మీది ముసలాయన నీకు తన టోపీ చూపించి ఆడించాడు. బెంచీ జరపమని నేను చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అది రాయి మీ టీచరుకి.

షాపులో నన్ను కుట్టు పని నుంచి మడత పనికి మార్చారు. ఇదీ బాగానే ఉంది. ఇన్నేళ్లూ కాగితాలు కుడుతూ, మడుస్తూ కథల మధ్య ముక్కలే చదివాను, మొదలూ చివరా తెలియకుండా. ఇప్పుడు అవీ చదవడం లేదు. షాపులో బల్బులు మార్చారు, వెలుతురు చాలడం లేదు. నువ్వు అక్షరాలు ఇంకొంచెం పెద్దవి చెయ్యి. కాగితాలు ఎక్కువైతే అవనీ.

వేళకి తిను.
నీ అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

బస్టాండు బెంచీ నేను పూర్తిగా మర్చిపోయాను. నీ ఉత్తరం చదవగానే ఆ టోపీ గుర్తొచ్చింది.

అమ్మా, ఇక్కడ కూడా జరిపాను. మా భోజనాల హాల్లో బల్లలన్నీ బారుగా వేసి ఉండేవి. చివర్లో కూర్చునే చిన్నక్లాసు పిల్లలు గోడని చూస్తూ తినేసి వెళ్లిపోయేవాళ్లు. ఒక సెలవురోజు నేనొక్కదాన్నే లోపలికెళ్లి జరపడం మొదలుపెట్టాను. వడ్డించేవాళ్లకి దారి వదిలి, కిటికీ వెలుతురు బల్లల మీద పడేలా, ఎవరూ గోడకేసి కూర్చోకుండా. ఒకటి జరిపితే ఇంకోటి అడ్డొస్తుంది, మళ్లీ మొదలు. చదువుకునే గంట కొట్టారట, నాకు వినపడనే లేదు. నీ కూతురికి గంట వినపడలేదు, చూశావా. వార్డెన్ వచ్చి చెడామడా తిట్టింది. మర్నాడు చిన్నపిల్లలు తిన్నాక కూడా లేవకుండా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటే, ఇక ఏమీ అనలేదు. బల్లలు అలాగే ఉన్నాయి.

ఇదంతా రాసిస్తే టీచరు చదివి, ఇదిగో ఇప్పుడు నువ్వొచ్చావు అంది. ఇళ్లూ స్కూళ్లూ ఆస్పత్రులూ ఎలా కట్టాలో గీయడం నేర్పే కాలేజీ ఒకటి ఉందట. మార్కులతో పాటు మనం గీసిన గది బొమ్మ ఒకటి అడుగుతారు. ఆ కాలేజీ పుస్తకంలో ఫోటోలు మళ్లీ మళ్లీ తిరగేశాను. నాకు అదే కావాలమ్మా. ఇంతవరకు దేన్నీ ఇలా కావాలనుకోలేదు.

కానీ అది చాలా దూరం. పగలూ రాత్రీ రైల్లో పోవాలి. అయిదేళ్లు. అందుకని నేను దుబాసీ కోర్సు ఒక్కదానికే దరఖాస్తు పెడతాను. నువ్వు కోప్పడకు. ఫోటోలు చూశాను, అది చాలు.

ఒక్క మాట అడుగుతాను. బల్బులు ఇప్పుడు మార్చారన్నావు. పెద్దక్షరాలు నువ్వు ఎండాకాలం నుంచే అడుగుతున్నావు. ఏమైంది?

ప్రేమతో,
నీ గడుగ్గాయి

*

ప్రియమైన గడుగ్గాయికి,

నాకేమీ కాలేదు. బల్బుల సంగతి మా ఓనరుని అడుగు.

మీ టీచరు నిన్ను అడిగితే ఆ జవాబుల్లో నన్ను దూర్చకు. ఈసారి మధ్యలో నేను లేను. ఫోటోలు చూస్తే చాలా? ఆకలేసినవాళ్లు ఫోటోలు చూసి లేచి వెళ్లిపోతారా? రెండింటికీ పెట్టు.

సెలవులకి రావద్దు. గదికి రంగులు వేయిస్తున్నాను, సామానంతా చిందరవందరగా ఉంది.

నీ అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

రావద్దంటే వచ్చానని నీకింకా కోపం ఉందేమో. రైలు దిగి హాస్టలుకి చేరాను. అక్కడ అడగలేనివి ఇక్కణ్ణుంచి రాస్తున్నాను.

గోడలకి రంగులు వెయ్యలేదు. బల్ల గోడకి చేరింది. మంచానికీ తలుపుకీ మధ్య నేల మీద ఏమీ లేదు. మెట్ల అంచులకి పుస్తకాల వెన్నుకి అంటించే తెల్లగుడ్డ అంటించావు. గ్లాసులో నీళ్లు పోసేటప్పుడు వేలు లోపల పెడుతున్నావు. నేను పక్కన నిలబడి చెయ్యి ఊపితే నువ్వు తిరగలేదు. ఎదురుగా వచ్చి నిలబడితే అప్పుడే వచ్చినట్టు ఉలిక్కిపడ్డావు. పొద్దుగూకాక నేనేదన్నా చెప్పబోతే నా మణికట్టు పట్టుకుని దీపం కిందకి లాక్కెళ్లావు.

నాకు తల దువ్వి జడ వేశావు, చాలాసేపు వేశావు. జడ వేస్తున్నంతసేపూ నీ చేతులకి పనుంటుంది, నాకు నువ్వు కనపడవు, ఇద్దరం ఏమీ చెప్పుకోనక్కర్లేదు. నువ్వు కావాలనే వేశావు కదా. రైల్లో కూర్చున్నాక ఏడ్చాను. ఎదురు సీటావిడ మంచినీళ్లిచ్చింది.

అమ్మా, నీ చేతులు నాకు ఎప్పటికీ కనపడతాయి. నా చేతులు నీకు కనపడకపోతే? చెవులూ లేక, కళ్లూ లేక నువ్వు ఎవరితో మాట్లాడతావు?

టీచరుకి చెప్పేశాను, ఊళ్లో కోర్సు తప్ప ఇంకేమీ వద్దని. ఆవిడ ఇది ఎవరి మాట అని అడిగింది. నాదే అన్నాను. నాకేం కావాలంటే, నువ్వు. ఎవరి చేతులూ చూసి చెప్పడం లేదు. ఇది నేనే.

నీ కూతురు

*

ప్రియమైన నా కూతురికి,

ఈ ఉత్తరం రాయడానికి జిగురావిడ నాకు కాగితం మీద లావుగా గీతలు గీసిచ్చింది. వంకర ఉంటే తప్పు ఆవిడది.

నువ్వు చూసినదంతా నిజం. రెండు అరచేతులూ ముఖానికి అటూ ఇటూ అడ్డం పెట్టుకుని చూడు, నాకు లోకం అంతే. ఆ చేతులు మెల్లగా దగ్గరికొస్తున్నాయి. మధ్యలో ఉన్నది మిగులుతుందో మిగలదో డాక్టరు చెప్పలేనంటాడు. ఎండాకాలంలోనే తెలిసింది.

నీకు ఎందుకు చెప్పలేదంటావు. కళ్ల ఆస్పత్రికి మా బధిరుల సంఘం నుంచి ఒక దుబాసీ కుర్రాణ్ణి తీసుకెళ్లాను. అతను నా చేతులు చూసి డాక్టరుతో 'నాకు చాలా భయంగా ఉంది' అన్నాడు. మీసాలున్న కుర్రాడు నా భయం చెప్తుంటే చిత్రంగా ఉంది. పనయ్యాక నాకు నమస్కారం పెట్టి, టీ తాగడానికి వెళ్లిపోయాడు. నాకెంత హాయనిపించిందో. నా భయాన్ని అతను ఆ కౌంటరు దగ్గరే వదిలేసి వెళ్లాడు. నువ్వైతే ఇంటికి మోసుకొచ్చేదానివి. చిన్నప్పట్నుంచీ మోస్తున్నావు. ఇది ఒక్కటన్నా నీ చేత మోయించకూడదనుకున్నాను.

ఎవరితో మాట్లాడతావని అడిగావు. అడగాల్సిన మాటే. అది నేను కూడా చాలా రోజులు గుండెలో పెట్టుకుని తిరిగాను. మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నాడు, నాలాగే చెవుల్లేవు, ఇప్పుడు కళ్లూ లేవు. మనం సైగ చేస్తుంటే ఆయన తన చేతులు మన చేతుల మీద ఆనించి అంతా చదివేస్తాడు. మొన్న నేను చెప్పిన జోకుకి నాకంటే ముందే నవ్వాడు. ఆదివారాలు ఆయన దగ్గర నేర్చుకుంటున్నాను. జిగురావిడ కూడా వస్తోంది, నాతో కబుర్లు ఆగిపోకూడదట. ఆవిడ వేళ్లు జిగురుతో బంక బంకగా ఉంటాయి, అదొక్కటే ఇబ్బంది.

మీ టీచరు ప్రశ్నలకి నేను కూడా జవాబులు చెప్పుకున్నాను. నాకేం కావాలి అనుకోగానే నువ్వు బాగా చదవాలి, నువ్వు బాగుండాలి అనే వచ్చాయి. అది నేను కాదుగా అని మళ్లీ మొదలుపెట్టాను. నాకు ఒక కథ మొదట్నుంచి చివరిదాకా చదవాలనుంది. మొదలుపెట్టాను. రోజుకి కొంచెం, కిటికీ దగ్గర. కళ్లు ఉండగానే అవుతుందనుకుంటున్నాను. కాకపోతే మిగతాది సెలవులకొచ్చినప్పుడు నువ్వు నా చేతుల్లో చెప్పు.

నీకు నేను కావాలన్నావు. ఆ మాట నీదేనని ఒప్పుకుంటున్నాను, ఎన్నిసార్లు చదివానో. నాకూ నువ్వే కావాలి. కానీ కౌంటరు దగ్గర నా పక్కన నిలబడే నువ్వు కాదు. ఆ పనికి మీసాలవాడు ఉన్నాడు. నాకు ఆ డాక్టరు కుర్చీ లాగిన పిల్ల కావాలి. ఆ పిల్లని నా దగ్గర కూర్చోబెట్టుకుంటే దానికి జరపడానికి ఒక్క గదే ఉంటుంది. నాలాంటివాళ్లు వెళ్లే ఆస్పత్రులెన్ని, ఆఫీసులెన్ని.

కాలేజీవాళ్లు గది బొమ్మ అడిగారన్నావు. మన గది గీయి. ఈ కవర్లో షాపులో కుట్టే దారం పెట్టాను. కళ్లు మూసుకుని గోడ వెంట కొలిచాను, మంచం తల దగ్గర మొదలు. ఒంటి ముడి ఉన్నచోట కిటికీ. జంట ముడి దగ్గర తలుపు. ఆ రెంటికీ మధ్య వదులు ముడి ఉన్నచోట కుర్చీ పెట్టాను, తప్పుచోట పెట్టాను, రోజూ నా మోకాలికి తగులుతోంది.

అది ఎక్కడికి జరపాలో గీసి వాళ్లకొకటి, నాకొకటి పంపు. నాది లావు గీతలతో గీయి. ఇక్కడ కుర్చీ నేను జరుపుకుంటాను.

నీ అమ్మ