తాడుకు అవతలి మనిషి

పోతిరెడ్డిపల్లి, సంగారెడ్డి
9 డిసెంబరు 2024

గడ్డపోతారంలో ఉన్న ఐలన్నకు మొగులయ్య నమస్కారం పెట్టి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమం అడగను. నీ నోరు బాగానే పనిచేస్తున్నదని బాపిరాజు చెప్పాడు, కాబట్టి మిగతా ఒళ్ళు కూడా బాగానే ఉండి ఉంటుంది.

మన పాత సూపర్‌వైజర్ బాపిరాజు పోయిన నెల పటాన్‌చెరు బస్టాండులో నిన్ను కలిశాడట. మేము ఇంటిల్లిపాదీ విమానంలో వైజాగ్ పోతున్నామని చెబితే నువ్వు నవ్వి, 'మొగులయ్యనా? ఎక్కుతడు గని, తలుపేసేలోపల దిగొస్తడు సూడు' అన్నావట. పందొమ్మిదేళ్ళుగా నాతో మాట్లాడని మనిషివి, నా గురించి మాట్లాడటం మాత్రం మానలేదు.

అందుకే ఈ ఉత్తరం. నేను ఎక్కాను. తలుపు వేశారు. దిగలేదు. పోయాను, వచ్చాను. ఫోనులో చెబుదామంటే నువ్వు ఎత్తవు, ఎత్తినా నేను మొదటి మాటే అరుస్తాను. ఈ వయసులో నాకు కాగితం మీదే కాస్త మర్యాద వస్తుంది.

అందరూ నాకు ఎత్తంటే భయమనుకున్నారు. మా కొడుకు నవీన్ ఫోనులో పైలట్లు మాట్లాడే వీడియోలు చూపించాడు. బాపిరాజు అయితే ఆటో కన్నా విమానమే భద్రమని గంటసేపు చెప్పాడు. మన ఫ్యాక్టరీలో రసాయనాల ట్యాంకులు కూడా భద్రమనే చెప్పేవాడు కదా ఆ మహానుభావుడు. నేను నా పద్ధతిలో గ్రంథాలయానికి పోయి, విమానాల మీద దొరికిన రెండు పుస్తకాలూ మొదటినుంచి చివరిదాకా చదివాను. రెక్క మీద గాలి ఎట్లా పోతుందో, ఇంజను ఒకటి ఆగినా ఎందుకు పడదో అంతా అర్థమైంది. గాల్లో ఉండగా ఎంతమంది లాగినా తలుపు తెరుచుకోదని కూడా అందులో రాశారు, ధైర్యం చెప్పడానికి. నాకు నిద్ర పట్టనిది ఆ పేజీ చదివిన తర్వాతే.

నువ్వొక్కడివే ఎత్తు అనకుండా తలుపు అన్నావు. నాకు కోపం వచ్చింది ఆ మాటకే. ఆ ట్యాంకులో పడిపోయిన రోజునుంచి నేను బస్సులో తలుపు పక్క సీటు దొరికితేనే కూర్చుంటాను. స్నానాల గదికి గడియ పెట్టను. నన్ను కట్టుకున్న సోమమ్మ కూడా ఇదంతా నా మొండితనంలో ఒక ముక్క అనుకున్నది. అంత దూరాన ఉన్న నీకు ఎట్లా తెలిసిందో నాకు అంతుపట్టలేదు.

పోకుండా ఉండవలసింది. కానీ సోమమ్మకు అరవై రెండేళ్ళు వచ్చాయి, సముద్రం చూడలేదు. నవీన్ పనిచేసే ప్లాంటు మరమ్మతులకు ఆపారు, వాడికి సెలవు మూడంటే మూడు రోజులు. రైలయితే అందులో సగం రైలుకే పోతుంది. నేను రానంటే సోమమ్మ పోదు, ఆమె పోకపోతే ఎవరూ పోరు.

నవీన్ ఎంత ఆలస్యంగా టికెట్లు తీశాడో ఏమో, సీట్లు చెల్లాచెదురుగా వచ్చాయి. నాది నడవ పక్కన. నవీన్, సోమమ్మ అటు పక్క వరుసలో. నా వెనక సీట్లో మనవరాలు నిహారిక, దాని పక్కన కోడలు శ్రీలత. పిల్లకు తొమ్మిదేళ్ళు.

తలుపు మూసిన చప్పుడు నువ్వు వినాలి, ఐలన్నా. మన ట్యాంకు మూత దించినట్టే, దబ్బుమని కాదు, మెత్తగా. చెవులు మూసుకుపోయాయి. నేను లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. ఎయిర్‌హోస్టెస్ పిల్ల ఇంగ్లీషులో కూర్చోమన్నది. నవీన్ వంగి, 'నాయనా, జెర కూసో, అందరు సూస్తున్రు' అన్నాడు. సోమమ్మ మాత్రం కొంగు సర్దుకొని, 'ఆయనకు పానం బాగలేకుంటె అందరం దిగుదాం తియ్యి, సముద్రం ఏడికి పోతది' అన్నది. ఆమె తిట్టి ఉంటే దిగేవాణ్ణి. ఆ మాటకు దిగలేకపోయాను. కూర్చున్నాను. చొక్కా తడిసిపోయింది.

అప్పుడు సీటు పక్క సందులోంచి ఒక చున్నీ కొస వచ్చి నా చేతికి తగిలింది. వెనకనుంచి నిహారిక, 'తాతా, చెయ్యి గిటు పెట్టు, కడత' అన్నది.

దానికి మన పని గురించి కథలా చెబుతుండేవాణ్ణి. ట్యాంకు కడగడానికి లోపలికి దిగే మనిషి ఒకడు, మూత దగ్గర తాడు పట్టుకొని నిలబడే బయటి మనిషి ఒకడు. బయటివాడు ఒకసారి లాగితే, లోపలివాడు ఒకసారి లాగి బాగున్నానని చెప్పాలి. లోపలివాడు రెండుసార్లు లాగితే పైకి తీయమని అర్థం. పదకొండేళ్ళు నేను లోపలి మనిషిని, నువ్వు బయటి మనిషివి అని కూడా చెప్పాను. ఆ కథ ఎట్లా ముగిసిందో మాత్రం ఎప్పుడూ చెప్పలేదు.

నీకూ నాకూ తెలుసు. ఆ రోజు నువ్వు లాగితే ఖాళీ తాడు పైకి వచ్చింది. నేను కింద ఆ ఘాటుకు స్పృహ తప్పి పడి ఉన్నాను. ఎంక్వయిరీలో నువ్వు వేసిన ముడి జారిందని రాశారు, కింద నేను సంతకం పెట్టాను. నిన్ను పనిలోంచి తీశారు, నన్ను స్టోర్‌లో కూర్చోబెట్టారు. ముడి వేయడం రానివాడు బయట నిలబడకూడదని నేను టీ హోటల్లో ఎన్నిసార్లు అన్నానో నీ చెవిన పడే ఉంటుంది.

సరే, విమానం లేచింది. పిల్ల ఒకసారి లాగింది, నేను ఒకసారి లాగాను. ఒక్క నిమిషమైనా మరిచిపోలేదు అది. నాకు ఊపిరి కొద్దికొద్దిగా అందింది. రెండు పుస్తకాలు చేయలేని పని గజమున్నర పూల చున్నీ చేసింది. చదువుకున్నవాణ్ణి కదా, ఒప్పుకోవడానికి కష్టంగా ఉంది.

కొంతసేపటికి లాగడం ఆగింది. తొంగి చూస్తే నిద్రపోయింది, కొస మాత్రం పిడికిట్లోనే ఉంది. అప్పుడే నీళ్ళ బండి తోసుకుంటూ ఎయిర్‌హోస్టెస్ వచ్చి నా చేతికి ఉన్న కట్టు చూసి నవ్వింది. మంచిగానే నవ్వింది. నాకే సిగ్గేసింది. అరవై ఏడేళ్ళ మనిషిని, మేకను కట్టినట్టు కట్టేశారు. ఆమె ముందుకు పోగానే ముడి విప్పేశాను.

వెంటనే విమానం ఊగడం మొదలుపెట్టింది. పిల్ల లేచి చున్నీ లాగింది. ఖాళీ కొస దాని ఒళ్ళో పడింది. సీటు అడ్డం, నేను దానికి కనబడను. ఒక్కసారిగా ఏడుపు వినిపించింది. 'అమ్మా, తాత పడిపోయిండు, నేనే ముడి సక్కగ కట్టలే' అని.

ఐలన్నా, ఎంక్వయిరీ గదిలో నువ్వు తల వంచుకొని అన్న మాట అదే కదా. 'నా ముడే జారింది కావచ్చు సార్' అన్నావు. నిన్ను ఎవరూ అడగకముందే అన్నావు.

నేను వెనక్కి తిరిగి, సీటు మీద మోకాళ్ళేసి, 'నీ ముడి గట్టిదే బిడ్డా, నేనే విప్పుకున్న' అన్నాను. ఎందుకు విప్పావని అడిగింది. సిగ్గయిందని చెప్పాను. అది ముక్కు తుడుచుకొని, 'సిగ్గయితే చెప్పి విప్పాలె గద తాతా, బయట నేను పరేషాన్ కానా' అన్నది. శ్రీలత నవ్వు ఆపుకున్నది. నన్ను కూర్చోమని మళ్ళీ అరుస్తున్నారు. విమానం ఇంకా ఊగుతూనే ఉంది, కానీ నాకు అది పట్టలేదు. ఛాతీ మీదనుంచి ఎవరో లేచిపోయినట్టు అనిపించింది.

చెయ్యి చాపి మళ్ళీ కట్టించుకున్నాను. దిగేదాకా విప్పలేదు. తిరుగు ప్రయాణంలో నేనే అడిగి కట్టించుకున్నాను.

సోమమ్మ సముద్రం చూసింది. మోకాళ్ళ లోతుకు పోయి, ప్రతి అలకూ వెనక్కి ఉరికి, చిన్నపిల్లలా నవ్వింది. నలభై మూడేళ్ళ కాపురంలో అంత నవ్వు నేను చూడలేదు. ఇంటికి వచ్చిన రోజు స్నానాల గదికి గడియ పెట్టి నీళ్ళు పోసుకున్నాను. తలుపు వేసి ఉంటే నాకేమైందోనని సోమమ్మ బయటనుంచి తట్టింది.

నువ్వన్న మాట తప్పని చెప్పడానికే ఇంత రాశాను. చెప్పేశాను. ఇక ఉంటాను.

ఇట్లు,
ఒకప్పటి నీ లోపలి మనిషి
మొగులయ్య

తా.క. పైన సంతకం పెట్టి, కవరు అంటించి, మళ్ళీ చింపాను. ఆ రోజు నీ ముడి జారలేదు. తాడు ట్యాంకులో మందు కలిపే ఇనుప రెక్కకు చుట్టుకొని నన్ను మూల దాకా పోనివ్వలేదు. బువ్వ వేళలోపు పని ముగించాలని నేనే ముడి విప్పి పక్కన పడేశాను, నీకు చెప్పలేదు. నువ్వు ముక్కుకు గుడ్డ కూడా కట్టుకోకుండా దిగి నన్ను భుజాన వేసుకొని తెచ్చావు. ఎంక్వయిరీ నాటికి నాకు అంతా గుర్తుంది. గుర్తులేదని చెప్పాను. ఇన్నేళ్ళు నిన్ను తిట్టింది నువ్వు ఎప్పటికీ నన్ను అడగకుండా ఉండాలనే.

నిన్న ఇంట్లో చెప్పాను. సోమమ్మ నాకు అన్నం పెట్టింది, మాట్లాడలేదు. ఈ రోజు పొద్దున బాపిరాజుకు చెప్పాను, టీ హోటల్లో, నలుగురి ముందర. ఆదివారం మీ ఇంటికి వస్తున్నాను. తలుపు వేసి ఉంటే గడప బయట కూర్చుంటాను. ఎంతసేపైనా బయటి మనిషి జాగా వదిలి పోకూడదని నాకు చూపించినవాడివి నువ్వే.