రెండు రంగుల కాజాలు

2009 మార్చి 3

టెక్సస్ అన్నమాటే గానీ ప్లేనోలో ఇంకా చలి పోలేదు. మా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ లాండ్రీ రూమ్‌లో ఒక తెల్లమ్మాయి నా బ్లౌజు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూస్తోంది. ఎవరు కుట్టారంది. నేనే అన్నాను. ఇంత బిగుతుగా కుట్టినా చిరగదా అంది. పేరు డెనీస్. వెనక బిల్డింగ్‌లో ఉంటుంది. క్లబ్‌లో డాన్స్ చేస్తుందట... ఎలాంటి క్లబ్బో అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల మాత్రం ఆఫీస్ ఉద్యోగం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

స్టేజి మీదికి డ్రెస్ కుట్టాలట. కొన్నవాటి క్లిప్పులు వీపంతా గీరేస్తున్నాయట. ఒక్క వేలితో ఊడి రావాలట! నవ్వొచ్చింది. మా తెలుగు చర్చి ఆంటీల బ్లౌజులు ఊడిపోకుండా కుట్టడమే ఇన్నాళ్ళూ నా పని.

మార్చి 10

ఎర్ర డ్రెస్ అయింది. ఒక పక్క హుక్కులు, రెండో పక్క దారం కాజాలు — నా పద్ధతే, రెండు రంగుల దారాలు మెలిపెట్టి. మేరీ ఆంటీకి కళ్ళజోడు లేకుండా కాజా కనబడాలని మొదలుపెట్టాను, ఇప్పుడు చర్చిలో అందరికీ అలాగే కావాలి. డెనీస్ అద్దం ముందు హుక్కులు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. దాని సంబరం చూసి నాకూ సంబరమే.

కింద ట్రక్కులో ఒకతను హారన్ కొడుతూనే ఉన్నాడు. బాయ్‌ఫ్రెండట. టీ కూడా తాగకుండా పరిగెత్తింది.

మార్చి 18

డెనీస్ వచ్చింది. ఎర్ర డ్రెస్ నడుము దగ్గర వదులు చెయ్యాలట. మన బ్లౌజులకు వదిలినట్టే లోపల గుడ్డ వదిలి కుట్టాను కాబట్టి సరిపోయింది. టేపు చుట్టగానే కడుపుతో ఉందని నాకు తెలిసిపోయింది. అడగలేదు. తనే చెప్పింది — అతనికి తెలియదు, తెలిస్తే చంపేస్తాడు అని. మాటవరసకు అన్నదనుకున్నాను. ఓక్లహోమాలో అక్క ఉందట, త్వరలో అక్కడికి వెళ్ళిపోతుందట.

పులిహోర పెట్టాను. చేత్తోనే తినేసింది. ఎంత ఆకలో, పాపం...

మార్చి 24

లాండ్రీలో కనబడటం లేదు. అక్క దగ్గరికి వెళ్ళిపోయి ఉంటుంది. మంచిదే.

మార్చి 26

టీవీలో... లేక్ ఒడ్డున ఆడమనిషి శవం. గుర్తుపట్టే స్థితిలో లేదట. ఒంటి మీదున్న ఎర్ర డ్రెస్ చూపించారు. దగ్గరగా, హుక్కులు, కాజాలు. ఇది కొన్నది కాదు, చేత్తో కుట్టింది, కుట్టినవాళ్ళెవరో తెలిస్తే చెప్పండి అని పోలీసులు నంబర్ ఇచ్చారు.

నా కాజాలు.

కుక్కర్ కూతలు పెడుతూనే ఉంది. లేచి వెళ్ళి ఆపలేకపోయాను.

మార్చి 27

మా ఆయనకు చెప్పాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. కోప్పడి ఉంటే బాగుండేది. చాలా నెమ్మదిగా అన్నారు — "నువ్వు డిపెండెంట్ వీసా మీద ఉన్నావు. పని చెయ్యకూడదు. కుట్టి డబ్బులు తీసుకున్నానని పోలీసులకి నువ్వే చెప్తావా? గ్రీన్‌కార్డ్ ఫైల్ ఏమవుతుంది? పంపించేస్తే ఏం చేద్దాం?"

"ఆ పిల్ల పేరైనా చెప్పాలి కదండీ" అన్నాను.

ఆయన చెయ్యి కడిగేసుకున్నారు. ఆయన్ని తప్పుపట్టలేను కూడా. ఆ భయం నాకూ ఉంది.

మార్చి 28

ఆయన సరుకులకి వెళ్ళగానే ఆ నంబర్‌కి ఫోన్ చేశాను. అవతల ఒకావిడ, మెత్తని గొంతు. మీ పేరు చెప్పండి అంది. పెట్టేశాను. ఛీ.

అప్పుడే తలుపు చప్పుడు. ఆయనే అనుకుని తీశాను... ట్రక్కతను. డెనీస్ ఊరెళ్ళిందట, నాకేమైనా చెప్పిందా అని అడిగాడు. నవ్వుతూనే. ఇంగ్లీష్ రానట్టు తల అడ్డంగా ఊపాను. నా భుజం మీదుగా లోపల కుట్టు మిషన్‌కేసి చూశాడు. బాగా కుడతావన్నాడు.

"థాంక్యూ" అన్నాను. అతనికి. అలవాటుగా వచ్చేసింది నోట్లోంచి.

మార్చి 29, ఆదివారం

చర్చి. వెనక హుక్కుల ఫ్యాషన్ నడుస్తోంది కదా — నా ముందు కూర్చున్న ఆడవాళ్ళ వీపుల మీద అన్నీ నా కాజాలే. పాట అందుకోలేకపోయాను.

ప్రార్థన మనవులు ఉంటే చెప్పమన్నారు పాస్టర్‌గారు. లేచి నిలబడ్డాను. మా ఆయన నా కొంగు పట్టి లాగారు. "డెనీస్ అనే అమ్మాయి కోసం ప్రార్థించండి" అన్నాను. ఎప్పుడైనా సరే, ఎవరమ్మా, ఏమైందమ్మా అని ఆరా తీసే మనుషులు... ఒక్కరూ అడగలేదు. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. అప్పుడర్థమైంది. అందరూ టీవీ చూశారు. అందరికీ తెలుసు.

ఆమెన్ మాత్రం గట్టిగా అన్నారు.

బయటికొచ్చాక మేరీ ఆంటీ నా చేతులు పట్టుకున్నారు. "నీకేం కానివ్వమమ్మా" అన్నారు. ఏడ్చేశాను. ఎవరో ఒకరు నాతో పాటు వచ్చి పోలీసులకి చెబుతారనుకున్నాను, పిచ్చిదాన్ని.

మార్చి 31

పొద్దున్నే మేరీ ఆంటీ వచ్చారు. పెద్ద సంచి. అందరి బ్లౌజులూ... ఇంటింటికీ డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళి ఆవిడే పోగు చేసి తెచ్చారట. "ఆ దారాలన్నీ విప్పేసి, కొట్లో దొరికే ఇనప కాజాలు పెట్టెయ్యమ్మా. నీ మంచికే చెప్తున్నా."

"ఆంటీ, ఆ పిల్లకి అక్క ఉంది. ఎదురు చూస్తూ ఉంటుంది."

"దేవుడు చూసుకుంటాడులే."

నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు. ఎంతో ప్రేమగా. ఆ ప్రేమే నన్ను ఊపిరాడనివ్వడం లేదు.

టీవీలో ఇంకా గుర్తు తెలియని మహిళ అనే అంటున్నారు.

బ్లేడుతో విప్పుతున్నాను. కుట్టడానికి అంతసేపు పట్టేవి, ఇట్టే తెగిపోతున్నాయి. సంచి సగం కూడా ఖాళీ కాలేదు. బట్టల క్లాజెట్‌లో నావీ ఉన్నాయి, అవే కాజాలతో. వాటి సంగతి ఆంటీ అడగలేదు. నేనూ చెప్పలేదు.