గుండుతో విచారణకు వచ్చిన మేనేజరు

తిరుపతి,
మంగళవారం.

అమ్మకు,
నేను బాగున్నాను. ఫోనులో చెబితే సగం విని ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

అమ్మకాలు చాలలేదని తలనూనె కంపెనీ నన్ను తీసేసింది కదా, అది అన్యాయమని నేను పెట్టిన ఫిర్యాదు మీద నిన్న కార్మిక శాఖ ఆఫీసులో విచారణ జరిగింది. మా మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చాడు. ముందు కొండకు పోయి, తలనీలాలిచ్చి, గుండుకు గంధం పూసుకుని నేరుగా వచ్చి కూర్చున్నాడు.

ఆఫీసరు కృపారాణి గారు నన్ను, "నూనె అమ్మను నీకిచ్చిన లైను యాడుండాది అబ్బా?" అని అడిగారు.

"అలిపిరి కాడ మేడం. కొండ దిగొచ్చే గుండ్లే కదా ఆడ అంగళ్లకొచ్చేది," అన్నాను.

ఆవిడ మేనేజరు తల వైపు చూసి, "మీరు దిగొచ్చేటప్పుడు ఒక సీసా అయినా కొన్నారా సార్?" అన్నారు. ఆయన చెయ్యి గుండు మీదికి పోయి అక్కడే ఆగిపోయింది. ఆ క్షణంలో ఏం తోచిందో అడగాలని నాకెంత ఆశో! కానీ ఆయన జవాబివ్వడానికి వారం గడువు తీసుకుని వెళ్లిపోయాడు.

బోరు మోటారు బాగయిందా? ఎవరైనా ఇటు వస్తుంటే నిమ్మకాయ ఊరగాయ పంపించు. చెల్లి లోహిత చదువు మానకుండా చూడు.

నా ఉద్యోగం తిరిగొస్తే నాకు గుండు చేయిస్తానని మొక్కుకున్నావట, లోహితే చెప్పింది. గుండుతో తలనూనె ఎట్లా అమ్మేదమ్మా? నాయనకు నా నమస్కారాలు చెప్పి, ఆ మొక్కు తన తలకు మార్చుకుంటాడేమో మెల్లగా అడుగు.

నీ కొడుకు,
మునిప్రసాద్