బస్టాండు వైపు తిప్పిన బోర్డు

ఆత్మకూరు

ప్రియమైన నజ్నీన్‌కు,

సలాం. బెంగళూరు ల్యాబ్‌లో నువ్వు తయారుచేసిన డిటెక్టర్ పక్కన నిలబడి దిగిన ఫొటో పంపావు కదా, దాన్ని పెద్ద ఫ్లెక్సీ కొట్టాను. మన షాపులో ఎందరు లీడర్ల మొహాలు కొట్టానో! సొంత భార్య మొహం కొట్టడం ఇదే మొదలు. ‘కణాల జాడ పట్టే మెషీన్ చేసిన ఉదయగిరి ఆడబిడ్డ’ అని ఎర్రక్షరాలు. నెల్లూరు రోడ్డు పక్కన బస్టాండు నుంచి సాగే బోర్డుల వరసలో చివర కట్టించాను.

ఒక్క సంగతి. ఫొటోలో మెషీన్ గొట్టం పొడవునా బిగించిన పలకల్లో చివరివన్నీ ఒకవైపు వాలిపోయి ఉన్నాయి. ఎవరో తొందరలో బిగించినట్టున్నారు. ఊళ్లో నీకు మాట రాకూడదని కంప్యూటర్లో ఒక్కొక్కటీ తిన్నగా సరిచేశాను. భలే కుదిరింది!

నీ వహాబ్

బెంగళూరు

ప్రియమైన మీకు,

సలాం. ఫోన్లో అయితే మాటకు మాట పెరుగుతుందని రాస్తున్నాను. మీరు పంపిన ఫ్లెక్సీ ఫొటో చూసి నవ్వాను, తర్వాత ఏడ్చాను. మీరు సరిచేసింది నా రెండేళ్ల పనిని. ఆ వాలే నేను చేసింది.

గొట్టం మధ్యలో కణాలు ఢీకొని నలువైపులా చిమ్ముతాయి. నడిమి పలకలకు ఎదురుగా తగులుతాయి, చివరి వాటికి ఏటవాలుగా. ఒక్కో పలకలో రెండు సెన్సర్లు, ఒకదాని వెనుక ఒకటి. కణం రెండింటిలోంచీ పోతేనే జాడ దొరుకుతుంది. పలక తిన్నగా ఉంటే ఏటవాలుగా వచ్చే కణం మొదటిదాన్ని తాకి, రెండోదాన్ని తప్పించుకుంటుంది. అందుకే చివరి వాటి మొహం మధ్యకు తిప్పాను.

శుక్రవారం రివ్యూ. “తిన్నగా పెడితే బిగించడం సులువు కదా, ఈ వంకర ఎందుకు?” అంటున్నారు ఇక్కడి పెద్దలు. ఒప్పుకోకపోతే నా డిజైన్ మూలన పడ్డట్టే. వాళ్లంటే సరే, మీరు కూడానా?

నజ్నీన్

ఆత్మకూరు

ప్రియమైన నజ్జూకు,

కోపం కాస్త పక్కన పెట్టి చదువు. నీ ఫ్లెక్సీ చూడాలని మీ అమ్మ చెక్క స్పూన్ల పని ఆపుకుని ఉదయగిరి నుంచి బస్సెక్కి వచ్చింది. బస్టాండులో నిలబడి, “ఏంది వహాబూ, నా బిడ్డ యాడుండాది? దగ్గర బోర్డులన్నీ బాగా కనపడతా ఉండాయి. దాని మొగం మాత్రం సన్నంగా గీత మాదిరి ఉండాది” అంది.

నిజమే. అన్నిటితోపాటు దాన్నీ రోడ్డుకు ఎదురుగా తిన్నగా కట్టాను. అంత దూరాన అది బస్టాండులో వాళ్లకు పక్కవాటంగానే కనిపిస్తోంది. మన షాపులో పనిచేసే తిరుపాలును పిలిచి, ఇద్దరం గుంజలు పీకి బోర్డును బస్టాండు వైపు తిప్పి పాతాం. “ఇప్పుడు వచ్చినాది నా బిడ్డ!” అని మీ అమ్మ అందరికీ వినపడేలా అరిచింది.

గడ్డపార చేతిలో ఉండగానే నీ పలకలు అర్థమయ్యాయి. సిగ్గేసింది. మళ్లీ కొత్త ఫ్లెక్సీ కొట్టి కట్టాను, అందులో ఒక్క పలకనూ ముట్టుకోలేదు. తిప్పకముందు, తిప్పిన తర్వాత తీసిన ఫొటోలు పెడుతున్నాను. శుక్రవారం గట్టిగా నిలబడు.

నీ వహాబ్

బెంగళూరు

ప్రియమైన మీకు,

ఒప్పుకున్నారు! గొట్టం చివర్లలో వాలు పలకలతోనే రింగు కడుతున్నాం. లెక్కలు, కొలతలు అన్నీ చూపించాక చివరి స్లైడ్‌గా మీ బోర్డు పెట్టాను, తిప్పకముందు ఒకటి, తిప్పాక ఒకటి. హాల్లో అందరూ నవ్వారు. ఎవరు తిప్పారని అడిగితే “మా ఆయన” అన్నాను. డిజైన్ గెలిచినందుకు కూడా అంత గర్వపడలేదు.

బోర్డు కింద మీరూ అమ్మా నిలబడిన ఫొటోను నా బల్ల పక్క గోడకు పెట్టాను. లోపలికి వచ్చేవాళ్లకు బాగా కనపడాలని తలుపు వైపు కాస్త తిప్పి ఉంచాను. మీరు వచ్చినప్పుడు దాన్ని సరిచేయకండి.

మీ నజ్జూ